పనసపాలు పూసిన పట్టర్

మొన్న ఆదివారం మా తోటలో జరిగిన పోటీ నేనే గెలిచేనండి. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే మధ్యలో నేను నీళ్ల బోదెలో పడ్డ దగ్గరికి వచ్చేసరికి మీరు నవ్వడం మొదలెడతారు, ఇక ఆ పైన ఏం చెప్పినా చెవికెక్కదు. నిన్న స్టాఫ్‌రూములో అదే అయింది. సగం చెప్పేసరికి బెల్లు కొట్టేరు, నేను ఓడిపోయాననుకుని అందరూ జాలిగా చూసి క్లాసులకి వెళ్లిపోయేరు. కాబట్టి టీ చల్లారితే మళ్లీ పెట్టిస్తాను, చివరిదాకా కూచోండి.

మా మరిది ప్రసాద్ దగ్గర మొదలెట్టాలి. మావారి చిన్నాన్నగారి అబ్బాయి. ఉద్యోగం బెంగళూరు కంపెనీలో, పని మాత్రం రాజోలు దగ్గర మా పక్కింట్లో కూచుని. బెంగళూరులో ఉన్న రోజుల్లో డిస్క్ గోల్ఫ్ అని ఒక ఆట పట్టుకున్నాడు. గోల్ఫ్ లాంటిదేనండి, కర్రా బంతీ ఉండవు. పళ్లెం లాంటి ప్లాస్టిక్ డిస్కు ఉంటుంది. దాన్ని విసురుకుంటూ వెళ్లి, అల్లంత దూరాన పాతిన ఇనప బాస్కెట్‌లో వెయ్యాలి. బాస్కెట్ పైన గొలుసులు వేలాడుతూంటాయి. డిస్కు వాటికి తగిలి కిందున్న బుట్టలో పడితే అయినట్టు. డిస్కు ఎక్కడ పడితే అక్కణ్ణుంచే మళ్లీ విసరాలి. తక్కువసార్లు విసిరి ఎవరు పూర్తి చేస్తే వాళ్లు గెలిచినట్టు.

ఊరొచ్చేశాక ప్రసాద్‌కి చెయ్యి ఊరుకోలేదు. అమలాపురంలో వెల్డింగ్ షాపువాడి చేత, గేదెల్ని కట్టే గొలుసులు పెట్టించి తొమ్మిది బాస్కెట్లు చేయించేడు. తీసుకొచ్చి మా కొబ్బరితోటలో పాతుతానన్నాడు. మావయ్యగారు ఒప్పుకుంటారని మేమెవరం అనుకోలేదు. ఆయన వేదపాఠశాలలో పాఠం చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఆటలంటే ఏమంటారోనని భయపడుతూ అడిగితే, చెట్టుమీద కాయ రాలుతుందా అని ఒక్కటే ప్రశ్న వేసేరు. రాలదని చెప్పాక, అయితే ఆడుకోండి అన్నారు. పైగా మేం ఆడుతున్నంతసేపూ తోటలో కుర్చీ వేయించుకుని కూచోవడం మొదలెట్టేరు. కళ్లకి శుక్లాలొచ్చి దూరం ఆనదు గానీ, చెవి మాత్రం స్వరం తప్పిన పిల్లాణ్ణి ఆఖరి వరసలో కూడా పట్టుకున్న చెవి. గొలుసు చప్పుడు విని, డిస్కు బుట్టలో పడిందో తగిలి బయటికొచ్చేసిందో చెప్పేస్తారు. ఇంతవరకు ఆయన చెప్పింది తప్పలేదు.

నా సంగతంటారా, రాజోలు స్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషిని. నలభయ్యేడేళ్లొచ్చినా ఒక్క ఆటలో ఒక్క బహుమతి ఎరగను. చిన్నప్పుడు మ్యూజికల్ చైర్స్‌లో మొదటి పాటకే లేచి బయటికొచ్చేసేదాన్ని. అలాంటిది ఈ డిస్కు విసరడం మాత్రం ఎందుకో చేతికి పట్టుబడింది. చెట్ల మధ్యలోంచి అది తేలుకుంటూ వెళ్తూంటే, స్కూల్లో దిద్దాల్సిన పేపర్లు అస్సలు గుర్తుకురావు.

ఈ ఆట పట్టుకున్న ఇంకొకరు మా కామేశ్వరి వదినగారు. మావారి అక్కగారు. కొత్తపేటలో ఉంటారు. డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యేరు. కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడి గెలిచిన కప్పులు షోకేసు నిండా ఉన్నాయి. వాళ్లింటికి వెళ్లిన ప్రతి చుట్టానికీ కాఫీ కంటే ముందు ఆ షోకేసు చూపిస్తారు. ఆవిడ మంచావిడేనండి. ఎదటివాళ్లు తప్పు చేస్తున్నప్పుడు ఏమీ అనకుండా చూస్తారు చూడండి, అదొక్కటే నాకు కష్టం.

ఇంతలో విశాఖపట్నంలో ఈ ఆట ఆడేవాళ్లు ప్రసాద్‌కి ఫోన్ చేసి, మీ వైపు నుంచి ఒక జంటని పంపండి, ఒక మగ ఒక ఆడ, అన్నారట. మగవాడు వాడే, అనుమానం లేదు. ఆడమనిషి నేనా, వదినగారా? ఇద్దరూ ఒక ఆదివారం ఆడండి, గెలిచినవాళ్లు నాతో వస్తారు అన్నాడు ప్రసాద్. ఒక కప్పు కూడా కొనుక్కొచ్చేడు. విశాఖపట్నం నేను పెళ్లిళ్లకి వెళ్లేను, మా అత్తగారికి ఆపరేషన్ అయితే హాస్పిటల్‌కి వెళ్లేను. ఆటగత్తెగా వెళ్లడమనేది నా ఊహలో కూడా లేదు. ఆ రాత్రి నుంచీ ఊహలో ఇంకేమీ లేదు.

ఇక పట్టర్ విషయానికొస్తాను. డిస్కుల్లో రకాలున్నాయండి. దూరం వెళ్లేవి పల్చగా, అంచు కత్తిలా ఉంటాయి. బాస్కెట్ దగ్గరికొచ్చాక ఆఖర్న బుట్టలో వేసేదాన్ని పట్టర్ అంటారు. అది అంచు లావుగా, లోతుగా, నెమ్మదిగా పోయే రకం. దూరం ఎంత బాగా విసిరినా, పట్టర్ దగ్గర తప్పితే చేసిందంతా పోయినట్టే. ప్రసాద్ తన దగ్గరున్న పట్టర్లన్నీ అరుగుమీద చాపేసి పరిచి, మీ ఇద్దరూ చెరొకటి ఎంచుకోండి అన్నాడు.

"కంటికి నచ్చింది కాదు వదినా, చేతికి నచ్చింది తీసుకోండి. పట్టుకుని కాస్త వంచి చూడండి, వేళ్లు అంచు కింద సుఖంగా కూచున్నాయో లేదో చూసుకోండి."

వదినగారు అలాగే చేసేరు. ఒక్కొక్కటీ తీసి, బొటనవేలుతో నొక్కి, అరచేతిలో అటూ ఇటూ తిప్పి, ఆఖరికి బూడిద రంగుది ఒకటి పక్కన పెట్టుకున్నారు. చూడ్డానికి పాత సిమెంటు బిళ్లలా ఉంది. నా కన్ను మాత్రం చాప మీద చూపు వేసిన క్షణంలోనే ఒకదానికి అతుక్కుపోయింది. ఎర్రది. దానిమ్మరసం గడ్డకట్టినట్టు అద్దంలా మెరుస్తోంది. ఎండకేసి పడితే నా చీర మీద ఎర్రటి నీడ పడింది. ఇదే నాది అన్నాను.

ప్రసాద్ మొహమాటపడుతూ, అది గట్టి ప్లాస్టిక్, నున్నగా ఉంటుంది, మన చెమటకి జారుతుంది అన్నాడు. పైగా గొలుసుకి తగిలి ఎగిరిపోతుంది, మెత్తవైతే గొలుసులో చిక్కుకుంటాయి అని కూడా చెప్పేడు. మెత్తది ఒకటి చూపించేడు. పాచి రంగులో, దిబ్బరొట్టెలా ఉంది. దాన్ని పట్టుకుని విశాఖపట్నం బీచ్ పక్కన నేను నించోవడం ఊహించుకోలేకపోయేను. అక్కర్లేదు, ఇదే బాగుంది అన్నాను.

వదినగారు నా ఎర్రదాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని, "రంగు బాగుంది సుభద్రా" అని తిరిగిచ్చేసేరు. ఆ ఒక్క మాటతో నేను దాన్ని మార్చుకునే దారి మూసుకుపోయింది. ఇప్పుడు వెనక్కిస్తే, రంగు చూసి తీసుకున్నానని ఒప్పుకున్నట్టే కదండీ.

తరవాత రోజూ సాయంత్రం ప్రాక్టీసు. మార్చి ఎండలు మొదలయ్యేయి, చెయ్యి చెమట పట్టేది, డిస్కు సబ్బులా జారేది. జారకుండా గట్టిగా పట్టుకుంటే నేల మీదకి పోయేది. ఒక్కోసారి సరిగ్గా వెళ్లినా గొలుసుకి తగిలి ఠంగుమని ఇవతలికి దూకేది. మావయ్యగారు కుర్చీలోంచి "బయటే" అనేవారు. నేను మళ్లీ వేసేదాన్ని. "బయటే." అంతకు మించి ఒక్క అక్షరం మాట్లాడేవారు కాదు. ఓ వారం పోయాక, ఆయన అనకముందే నాకు వినిపించేది.

శనివారం వచ్చింది. మర్నాడు ఆటయ్యాక వదినగారికి భోజనం మా ఇంట్లోనే. ఆవిడకి పనసపొట్టు కూరంటే ప్రాణం. పిందె పనసకాయ తెప్పించి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని పెరట్లో కొట్టడానికి కూచున్నాను. పనసకాయ కోస్తే పాలెలా కారతాయో మీకు తెలుసుగా. ఎంత నూనె రాసినా కత్తి పిడి దగ్గర ఇంత జిగురు చేరింది. వేలితో ముట్టుకుంటే వేలు ఊడి రావడం లేదు. నా చెయ్యి అక్కడే ఆగింది. జారే డిస్కు ఒకవైపు, వదలని జిగురు ఒకవైపు. లెక్కల టీచర్ని కదండీ, రెండూ కలిపితే సరిపోతుందనిపించింది.

పొట్టు పక్కన పెట్టేసి, ఎర్ర పట్టర్ తెచ్చి, అంచు కింద వేళ్లు ఆనే చోట పనసపాలు పల్చగా పూసేను. గాలికి ఆరబెట్టేను. చల్లపొద్దువేళ అది పట్టుకుంటే ఎంత హాయిగా ఉందని. జారదు, అంటుకోదు, వేళ్లు ఎక్కడ పెడితే అక్కడ కూచున్నాయి. పెరట్లో బట్టలారేసే తీగకి బకెట్ వేలాడదీసి వేసి చూసేను. పడింది. మళ్లీ వేసేను, మళ్లీ పడింది. మావారు వచ్చి ఏం చేస్తున్నావంటే, ప్రాక్టీసు అన్నాను. ఏం పూసేవని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రాత్రి నాకంత సుఖంగా ఎప్పుడూ నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే వదినగారు ఆటోలో దిగేరు. ఇస్త్రీ చేసిన తెల్ల చుడీదారు, కాళ్లకి బూట్లు, తలకి టోపీ. నేనూ ఆ పూటకి చీర మాని చుడీదారే వేసుకున్నాను. మావయ్యగారు అయిదో బాస్కెట్ పక్కన నీడలో కుర్చీ వేయించుకున్నారు, అక్కడైతే అన్నివైపులా వినిపిస్తుందని. మావారు స్కోరు రాసే పని తీసుకుని, ఒకపక్క అక్కగారు, ఒకపక్క భార్య కాబట్టి, ఉదయం నుంచీ ఎవరివైపూ చూడకుండా ఆకాశం వైపు చూస్తున్నారు.

ఆట మొదలైంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు, చల్లగా ఉంది. నా ఎర్ర పట్టర్ చెప్పినట్టు వింది. మొదటి బాస్కెట్‌లో ఒక్క దెబ్బకి పడింది. రెండోదాన్లోనూ అంతే. నాలుగు బాస్కెట్లయ్యేసరికి నేను ఒక త్రో ముందున్నాను. వదినగారు ఒకసారి నావైపు తిరిగి, బాగా ప్రాక్టీసు చేసినట్టున్నావే అన్నారు. ఆవిడ నోటి నుంచి ఆ మాట వినడానికి పనసకాయేమిటి, పనసచెట్టే కొట్టెయ్యొచ్చనిపించింది.

అయిదో బాస్కెట్‌కి వచ్చేసరికి ఎండెక్కింది. నా పట్టర్ సంచీలో వేడెక్కి, అంచు కిందున్న జిగురు కరిగి తేనెపాకంలా తయారైంది. అది నాకు తెలీదు. బాస్కెట్‌కి మూడడుగుల దూరంలో నించున్నాను. చిన్నపిల్లలైనా వేసేస్తారు. చెయ్యి ఊపి వదిలేను. నేను వదిలేను గాని అది నన్ను వదల్లేదు. వేళ్లకి వేలాడి, ఓ క్షణం ఆలోచించి, నా పాదం మీద పడింది. అది కూడా లెక్కలోకే వస్తుంది, ఒక త్రో పోయింది.

వదినగారు చూస్తున్నారు. సరే, ఈసారి గట్టిగా విదిలిస్తే వస్తుంది కదా అని, బలంకొద్దీ విసిరేను. రావాల్సినప్పుడు రాలేదు, చెయ్యి పూర్తిగా పక్కకి తిరిగాక వచ్చింది. బాస్కెట్‌ని వదిలేసి కుడివైపు తిన్నగా వెళ్లి, కుర్చీలో కూచున్న మావయ్యగారి భుజం మీద ఉత్తరీయానికి తగిలింది. తగిలి కింద పడుంటే బాగుండేది. అక్కడే అంటుకుపోయింది.

దెబ్బ తగల్లేదు, అదృష్టం. మావయ్యగారు గొలుసు చప్పుడు కోసం చెవి ఒగ్గి ఉన్నారు. ఏ చప్పుడూ రాకపోయేసరికి, ఇది ఎటు వెళ్లింది అని మమ్మల్నే అడిగేరు. తరవాత భుజం మీద బరువు తెలిసి చెయ్యి పెట్టి చూసుకున్నారు. పీకితే డిస్కుతో పాటు ఉత్తరీయం కూడా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఎంతో నెమ్మదిగా అన్నారు.

"పనసపాలు. పొట్టు నిన్న కొట్టినట్టున్నారు."

మావారు ఆకాశంలోంచి కిందికి చూసేరు. ప్రసాద్ వచ్చి ఉత్తరీయం విడదీసి, డిస్కు తిరగేసి చూసి, బుర్ర గోక్కున్నాడు. డిస్కుకి బయటిది ఏదీ పుయ్యకూడదు వదినా, అలాంటిది వాడితే రెండు త్రోలు పెనాల్టీ, ఇకమీదట ఇది చెల్లదు అన్నాడు. రూలున్నట్టు నాకు నిజంగా తెలీదండి. తెలిస్తే పూసేదాన్ని కాదు అనాలని ఉంది గానీ, ఆ జిగురు మీద ఒట్టేసి చెప్పలేను. ముందు బాస్కెట్ల సంగతేమిటని మావారు చిన్నగా అడిగితే, అవి పోనీ, రెండు కలుపు చాలు అన్నారు వదినగారు. ఆ పెద్దమనసుకి నాకు తల కొట్టేసినట్టయింది.

తల అంటే గుర్తొచ్చింది. అవమానంలో, మొహం మీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకున్నాను. ఆ జిగురు చేత్తోనే. చెయ్యి జుట్టుకి అంటుకుంది. లాక్కుంటే చెయ్యొచ్చింది గానీ, జుట్టు పాయ నెత్తిమీద నిలువుగా నించుండిపోయింది. చెయ్యి కడుక్కుందామని బోదె దగ్గరికి వెళ్లేను. తోట మధ్యలోంచి నీళ్లు పారే కాలవ, పెద్ద లోతు ఉండదు. వొంగి కడుగుతున్నాను, నీళ్లకి పనస జిగురు పోదని తెలిసి కూడా. గట్టు కాలి కింద విరిగింది. నడుందాకా బురదలో కూచున్నాను. సరేనండి, నవ్వండి. మీకోసం ఆగుతాను.

మావారు ఇంట్లోకి పరుగెత్తి కొబ్బరినూనె సీసా తెచ్చేరు. దానితో చేతుల జిగురు వదిలింది. ఇప్పుడు చేతుల నిండా నూనె. పొడి ఇసకతో రుద్దుకుంటే కొంత పోయింది, కొంత మిగిలింది. నడుం కింద బురద, చేతికి నూనె, నెత్తిన కొమ్ము. అయిదో బాస్కెట్ ఎలాగో ముగించేసరికి వదినగారికంటే నాలుగు వెనకున్నాను. మిగిలినవి నాలుగు బాస్కెట్లు. మావారు దగ్గరికొచ్చి, పోనీ మానేద్దామా సుభద్రా, స్నానం చేసి భోంచేద్దాం అన్నారు. ఆయన ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట వినగానే, చిన్నప్పుడు కుర్చీ దొరక్క లేచి బయటికి నడిచినప్పుడల్లా ఎలా ఉండేదో అలా అనిపించింది. మానను, ఆడతాను అన్నాను.

అంటే సరా, పట్టర్ ఏదీ? ప్రసాద్ సంచీ తెరిచేడు. అందులో పట్టర్ ఒక్కటే ఉంది, ఆ పాచి రంగు దిబ్బరొట్టె. ఇక రంగు గురించి మాట్లాడే స్థితిలో నేను లేను కదండీ, నా కంటే అదే శుభ్రంగా ఉంది. తీసుకున్నాను. వేళ్లు అంచు కిందకి వాటంతటవే వెళ్లి కూచున్నాయి. నూనె చెయ్యైనా జారలేదు, పైన గరుగ్గా ఉంది. బొటనవేలు నొక్కితే కొంచెం లొంగింది. ఎన్నాళ్లుగానో వాడిన అట్లకాడ పిడి పట్టుకున్నట్టుంది. ప్రసాద్ అరుగు మీద చెప్పింది ఏమిటో అప్పటికి అర్థమైంది నాకు, నడుందాకా తడిశాక.

ఆరో బాస్కెట్. ఓడిపోవడం ఎలాగూ ఖాయమే అనుకున్నానేమో, భుజం బిగబట్టలేదు. కుడికాలు ముందు పెట్టి, గొలుసులో ఒక్క లింకు మీద చూపు నిలిపి, మణికట్టు వదులుగా ఆడించి వదిలేను. డిస్కు గొలుసుల్లోకి వెళ్లింది. ఎగరలేదు, గెంతలేదు. గొలుసులు దాన్ని అలా పొదువుకుని బుట్టలోకి దింపేయి.

"పడింది" అన్నారు మావయ్యగారు.

మూడు వెనక. ఏడో బాస్కెట్ దగ్గర వదినగారు వెయ్యబోతూ, ఎందుకో నావైపు చూసేరు. నా నెత్తిన కొమ్ము చూసేరు. అప్పటిదాకా పాపం ఎంతసేపు బిగబట్టుకున్నారో, ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. భుజాలు అదిరిపోతున్నాయి. వేసింది పక్కకి పోయింది. కళ్లు తుడుచుకుని మళ్లీ వేసేరు, మళ్లీ నా వైపు చూసి మళ్లీ తప్పేరు. నేను కావాలని ఏమీ చెయ్యలేదండి. అలా నించున్నానంతే. ఆ బాస్కెట్‌లో రెండు త్రోలు కలిసొచ్చేయి.

ఒకటి వెనక. ఎనిమిదో బాస్కెట్‌కి ఆవిడ నవ్వు ఆపుకుని, నావైపు వీపు పెట్టి నించున్నారు. అప్పుడు సముద్రం గాలి తిరిగింది. మధ్యాహ్నం వేళ మనవైపు ఎలా వీస్తుందో తెలుసుగా. ఆవిడ బూడిద రంగుది తేలిక, ఎదురుగాలికి ముందు అంచు లేచి బాస్కెట్ మీంచి వెళ్లిపోయింది. నేను నాదాన్ని కొంచెం కిందికి వంచి, నెమ్మదిగా తోసినట్టు వేసేను. బరువుగా, నిబ్బరంగా వెళ్లి పడింది. ఇద్దరం సమానం. మావారు ఆకాశం చూడడం పూర్తిగా మానేసి, స్కోరు పుస్తకం గుండెకి హత్తుకుని మా వెనకే నడుస్తున్నారు.

తొమ్మిదోది. వదినగారు దూరం నుంచి విసిరింది తిన్నగా వచ్చి బాస్కెట్‌కి నాలుగడుగుల్లో ఆగింది. డ్రిల్లు టీచరంటే డ్రిల్లు టీచరే. నాది కొబ్బరిచెట్టు మొదలుకి కొట్టుకుని, బోదెకి అవతలి గట్టున పడింది. వెళ్లి చూద్దును గదా, డిస్కుకీ బాస్కెట్‌కీ మధ్య సరిగ్గా ఆ చెట్టే అడ్డు. బాస్కెట్ చాలా దూరంగా ఉంది, గొలుసులు సగమే కనిపిస్తున్నాయి. ముందు నేనే వెయ్యాలి.

ఒక్కడుగు పక్కకి వేసే వీల్లేదు. ఒక కాలు డిస్కు పడ్డ చోట పెట్టి, రెండోది ఎంత దూరం వెళ్తే అంత దూరం పక్కకి జాపేను. చెట్టు పక్కనుంచి వంగి చూసేను. పొట్టు కొట్టడానికి పనసకాయ ముందు కూచున్నప్పుడు కూడా అంత వంకరగా ఉండనండి. తడిసిన చుడీదారు కాళ్లకి చుట్టుకుంటోంది. వెనక గట్టు మెత్తగా ఉంది. మళ్లీ బోదెలో పడితే పడ్డాననుకున్నాను. గాలి ఓ క్షణం ఆగింది. వదిలేను.

వదలగానే తూలి చెట్టుని కావలించుకున్నాను. మొహం చెట్టుకి ఆనిపోయింది, ఏమీ కనబడలేదు. గొలుసులు గలగల్లాడేయి. తరవాత చప్పుడు లేదు. ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని చూస్తున్నాను. అప్పుడు తోట మధ్యలోంచి మావయ్యగారి గొంతు, పాఠం చెప్పేటప్పుడు ఎలా ఉండేదో అలాగే, తాపీగా వినిపించింది.

"పడింది. బుట్ట అడుక్కి పడింది."

ఇక వదినగారు నాలుగడుగుల నుంచి వేస్తే సమానం. ఆవిడ టోపీ సర్దుకున్నారు, తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నారు. తొందరపడలేదు. వేసేరు కూడా చక్కగానే. కానీ ఆ బూడిద రంగుది కూడా కాస్త గట్టిదే, బాస్కెట్ మధ్యలో ఉండే ఇనప రాటకి తగిలి వెనక్కి ఎగిరొచ్చి ఆవిడ బూటు పక్కనే పడింది. మావయ్యగారు ఆ చప్పుడు విని కూడా "బయటే" అనలేదు. సొంత కూతురు కదా, "ఊఁ" అన్నారు.

నేను చెట్టు వదిలి బోదె దాటి వచ్చేను. వదినగారు ఎదురొచ్చేరు. నా బురద చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నారు.

"నాలుగు వెనకబడి, ఆ వేషంతో నేనైతే ఆడేదాన్ని కాదు సుభద్రా. ఇంటికెళ్లిపోయేదాన్ని" అన్నారు.

నాకు కళ్లల్లో నీళ్లొచ్చేయి. అంతకు ముందు ఎవరూ నన్ను ఆటల్లో మెచ్చుకోలేదు కదండీ, ఎలా తీసుకోవాలో తెలీలేదు. మావారు కూడా దగ్గరికొచ్చి భుజం తట్టబోయి, ఎక్కడ తట్టాలో పొడిచోటు కనబడక ఆగిపోయేరు.

ప్రసాద్ కప్పు తీసి, అందరూ నించోండి, ఫొటో తీస్తానన్నాడు. కప్పు అందుకోబోతూంటే వదినగారు నా చేతులు చూసి, కొత్త కప్పు పాడైపోతుంది, ఫొటో అయ్యేదాకా నేను పట్టుకుంటాలే అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాను. ఆ సంతోషంలో ఏమడిగినా అలాగే అనేదాన్ని. ఫొటో తీయించుకుని ఇంటికొచ్చేం.

స్నానం చేసినా జుట్టు కొమ్ము దిగలేదు. భోజనాలయ్యాక వదినగారు నన్ను ముందు కూచోబెట్టుకుని, కొబ్బరినూనె రాసి రాసి, దువ్వెనతో ఒక్కొక్క వెంట్రుకా విడదీసేరు. కూర చాలా బాగుంది, పనసపాలు మాత్రం ఇంకెప్పుడూ పారెయ్యకు, వస్తువులు అతికించుకోవడానికి పనికొస్తాయి అన్నారు. విశాఖపట్నంలో గాలి ఎప్పుడు ఎటు మారుతుందో, ఎలా నించోవాలో చెప్తూ కూచున్నారు. ఒక చిన్న పాయ మాత్రం ఎంతకీ విడకపోతే కత్తిరించేసేరు. ఇదుగో, ఇక్కడ.

సాయంత్రం ఫోన్ తెరిస్తే చుట్టాల గ్రూపులో వందల మెసేజ్‌లు. ప్రసాద్ ఆ ఫొటో పెట్టి, కింద "మన విజేత, విశాఖపట్నం వెళ్తున్నారు" అని రాసేడు, పేరు రాయడం మర్చిపోయేడు. ఫొటోలో మధ్యన వదినగారు, తెల్ల చుడీదారు, చేతిలో కప్పు, చక్కటి నవ్వు. పక్కన నేను, నెత్తిన కొమ్ముతో. అందరూ కామేశ్వరి వదినగారికి అభినందనలు చెప్పేరు. ఈ వయసులో ఎంత చురుకో అన్నారు. పక్కనున్నావిడకి ఏమైంది, హాస్పిటల్‌కి తీసుకెళ్లేరా అని ఒకాయన అడిగేడు. వదినగారు కాదు కాదు, సుభద్ర గెలిచింది అని ఒక్కొక్కళ్లకీ జవాబు పెడుతూనే ఉన్నారు, వాళ్లు ఆవిడ వినయాన్ని కూడా మెచ్చుకుంటూనే ఉన్నారు.

ఆఖర్న ఉప్పలగుప్తం నుంచి మా అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది. నాకు విడిగా పంపించింది. మావారు, మావయ్యగారు, వదినగారు అందరూ వినేలా గట్టిగా పెట్టేను, మా అమ్మైనా గుర్తుపట్టి ఉంటుంది కదా అని.

"కామేశ్వరికి నా అభినందనలు చెప్పవే. నువ్వు కూడా ఆవిడ దగ్గర ఆ ఆటేదో నేర్చుకోకూడదూ, కాస్త ఒళ్లు తగ్గుతుంది."